ఒంటి పని అడిగి చేయండి, ఇంటి పని అడక్కుండా చేయండి: జబ్బు తిరగబెట్టిన భార్యకు తోడుండటం గురించి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. మీ ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనం కీళ్లవాతం అనే జబ్బు. మందులతో రెండున్నరేళ్లు బాగా ఉన్నారు. నెల నుంచి మళ్లీ తిరగబెట్టింది. "సాయం చేయబోతే వద్దంటుంది, ఊరుకుంటే పట్టించుకోవట్లేదంటుంది, ఏం చేసినా తప్పే అవుతోంది, ఒక్కోసారి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లబుద్ధి కావట్లేదు" అని రాశారు.

నేను డాక్టర్‌ని కాను. మా ఆవిడకు ఈ జబ్బు వచ్చి 16 ఏళ్లయింది. అందులో గట్టిగా తిరగబెట్టింది నాలుగుసార్లు. మొదటి రెండుసార్లు నేను చేసినవి దాదాపు అన్నీ తప్పులే. దెబ్బలు తిన్నవాడి మాటగానే ఇది తీసుకోండి.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆమె ఒంటికి సంబంధించిన పనైతే అడిగి చేయండి. ఇంటికి సంబంధించిన పనైతే అడక్కుండా చేయండి. మీరు చెప్పిన చిక్కుముడిలో సగం దీంతోనే విడిపోతుంది.

మనం సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తాం. ఆమె మంచం మీంచి లేవబోతుంటే పరుగున వెళ్లి చంక కింద చెయ్యేసి లేపేస్తాం. గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే వేళ్లు పక్కకి తోసి మనమే పెట్టేస్తాం. అదే బట్టలు ఉతకాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా ఆమె ముందు నిలబడి "ఏం చేయమంటావో చెప్పు" అంటాం. మొదటిదాంట్లో ఆమె శరీరం ఆమె చేతిలోంచి జారిపోతోంది. రెండోదాంట్లో పని మనం చేస్తున్నా, దాన్ని గుర్తుపెట్టుకునే బరువు, పురమాయించే బరువు ఆమె మీదే ఉంటోంది. అందుకే సాయం చేస్తే వద్దంటారు, ఊరుకుంటే పట్టించుకోలేదంటారు. రెండూ నిజమే, రెండిటికీ పొంతన ఉంది. మనకు కనబడదు, అంతే.

నాకు ఇది తెలిసింది రెండోసారి తిరగబెట్టినప్పుడు. ఆ నెలంతా నేను కంటికి రెప్పలా చూసుకుంటున్నానని నాకు నేనే తెగ మురిసిపోయాను. ఒకరోజు పొద్దున తను పది నిమిషాలు కష్టపడి జడ వేసుకుంటోంది. నేను వెనక నుంచి వెళ్లి దువ్వెన తీసుకున్నాను. తను ఏడ్చేసింది. "రోజంతా నేను చేసేది ఇదొక్కటే, ఇది కూడా లాక్కున్నావు" అంది. ఆ మాట తర్వాత నేను దువ్వెన జోలికి పోలేదు. తను ఇస్తేనే తీసుకుంటాను.

అయితే ఊరికే అడుగుతూ ఉంటే అదో హింస. గంటకోసారి "ఎలా ఉంది, ఎలా ఉంది" అంటే ఆమె గంటకోసారి జబ్బుని గుర్తుచేసుకుని మనకి నివేదిక ఇవ్వాలి. మేం ఒక్కసారే మాట్లాడుకుంటాం, పొద్దున తను లేచిన ఓ గంటకి. "ఈ రోజు ఏది నువ్వు చేసుకుంటావు, ఏది నన్ను చేయమంటావు?" ఇంతే ప్రశ్న. చెప్పినదే చేస్తాను, చెప్పినంతే చేస్తాను. మధ్యలో మారితే తనే చెప్తుంది.

మిగతాది కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. మా ఇంట్లో టూత్‌పేస్ట్ మూత ఉంటుంది చూడండి, అది గట్టిగా బిగించి ఉంటే తన వేళ్లు ఆ రోజు బాగున్నట్టు. ఊడదీసి గట్టు మీద పడేసి ఉంటే బాగాలేనట్టు. ఇన్నేళ్లలో ఈ విషయం తనకి చెప్పలేదు. చెప్తే బాగాలేని రోజు కూడా బిగించి పెడుతుంది, నాకు తెలుసు.

తిరగబెట్టడం మొదటిసారి రావడం లాంటిది కాదు. మొదటిసారి భయం ఎక్కువ. పేరు తెలియని జబ్బు, పరీక్షలు, హడావుడి. చుట్టూ జనం ఉంటారు, ఫోన్లు వస్తాయి. రెండోసారి ఎవరూ రారు. "మళ్లీనా" అని ఒక మాట అనేసి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఆమె మాత్రం ఈ రెండున్నరేళ్లలో ఇక గట్టెక్కేశాననుకుని ఏవేవో అనుకుని ఉంటారు. ఉద్యోగంలో పై మెట్టు కావచ్చు, ప్రయాణం కావచ్చు, ఏదైనా నేర్చుకోవడం కావచ్చు. నొప్పి కంటే ఎక్కువ బాధ అక్కడుంది. కథ మళ్లీ మొదటికొచ్చిందన్న బాధ. కాబట్టి "పోయినసారి తగ్గింది కదా, ఈసారీ తగ్గుతుందిలే" అని మనం ధైర్యం చెప్పబోతే అది ఆమెకు ధైర్యంలా వినబడదు. తగ్గి మళ్లీ వచ్చిందన్నదే కదా ఆమె గోడు. నేనైతే "ఏమేం ఆగిపోయాయి చెప్పు" అని అడుగుతాను. తను లెక్కపెడుతుంది. నేను వింటాను. ఓదార్చను. ఇది చెప్పినంత తేలిక కాదు, నోరు ఊరుకోదు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద తప్పు. ఎందుకు తిరగబెట్టిందని ఆరా తీయకండి. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, నిద్ర పోలేదా, టెన్షన్ పెట్టుకున్నావా... ఇది ప్రేమతోనే చేస్తాం. కారణం దొరికితే ఆపొచ్చని ఆశ. కానీ వినేవాళ్లకి అది పోలీసు విచారణ. ఇన్ఫెక్షన్ వచ్చినా, కాన్పు తర్వాతా, మందులు ఆపినా, బాగా ఒత్తిడి పడినా ఈ జబ్బు రేగొచ్చు. ఏ కారణం లేకుండా కూడా రేగుతుంది. చాలాసార్లు అలాగే జరుగుతుంది. శరీరాన్ని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. ఆమె చేసిన తప్పు కోసం వెతకడంలో అర్థం లేదు.

మరి నిజంగానే మందులు మానేసి ఉంటే? మా విషయంలో అదే జరిగింది. మూడోసారి తిరగబెట్టినప్పుడు డాక్టర్ అడిగితే, నాలుగు నెలలుగా మాత్రలు వేసుకోవట్లేదని తను నెమ్మదిగా చెప్పింది. నాకు తెలియదు. బయటికొచ్చాక కార్లో నేను అరిచిన అరుపులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫలితం ఏమిటంటే, ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలు తన ఒంటి గురించి నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నొప్పి వచ్చినా చెప్పలేదు, జ్వరం వచ్చినా చెప్పలేదు. చాలా రోజుల తర్వాత తనే అంది: "నాకు నిజంగా తగ్గిందా, మందులే తగ్గినట్టు చూపిస్తున్నాయా తెలుసుకోవాలనిపించింది." నాకు ఆ జబ్బుంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. బాగున్న మనిషికి రోజూ మందు మింగడమంటే నువ్వు బాగాలేవని రోజూ గుర్తుచేయడమే. మీ ఆవిడ అలాంటిదేమైనా చెప్తే, ఆ పూట కోపం మింగండి. డాక్టర్‌కి మాత్రం నిజం చెప్పమనండి. లేకపోతే పనిచేస్తున్న మందునే పనిచేయట్లేదనుకుని ఇంకా ఘాటైనదానికి మారుస్తారు.

మందుల సంగతి వచ్చింది కాబట్టి నేను చేసిన ఇంకో ఘనకార్యం చెప్తాను. దీన్ని మాత్రం రెండుసార్లు చదవండి.

ఈ జబ్బుకి ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. తన వేళ్లు పనిచేయట్లేదని మాత్రల డబ్బా సర్దే పని నేను తీసుకున్నాను. వారానికి 15 మిల్లీగ్రాములు, అంటే 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. ఏడు గళ్ల డబ్బా కదా, ఆరు మాత్రలు ఆరు రోజులకి పొందిగ్గా సర్దేశాను. తను చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. అలా ముక్కలుగా వెళ్తే మొత్తం మోతాదు అంతేగా అని నేను వాదించాను కూడా! మందు పనిచేసే తీరు అది కాదు. పైగా ఓ గడిలో రోజూ ఒకటి అని అలవాటైతే, తర్వాత ఎవరైనా పెద్ద మోతాదు మాత్ర తెచ్చి అదే పద్ధతిలో సర్దేస్తారు. ఇప్పుడు మా ఇంట్లో ఆ మందు డబ్బాలో ఉండదు. వేరే సంచీలో, పైన ఆదివారం అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర కొన్ని కంపెనీలది రంగులోనూ సైజులోనూ దాదాపు దానిలాగే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టకండి. ఇంకొకటి. వేరే డాక్టర్ దగ్గర మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో దగ్గుకో మందు రాయించుకునేటప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. కో-ట్రైమాక్సజోల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ దీనికి అస్సలు పడవు. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లైతే ముందుగానే డాక్టర్‌తో మాట్లాడాలి, ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

పొద్దున్నపూట గురించి. జబ్బు రేగినప్పుడు కీళ్లు బిగుసుకుపోయి గంట, రెండు గంటలు సడలవు. రాత్రి కబుర్లు చెప్పి నవ్విన మనిషి పొద్దున లోటా ఎత్తలేకపోవడం నటన కాదు. నేను మొదట్లో అనుకునేవాణ్ణి, పైకి అనలేదు గానీ నా మొహంలో కనబడి ఉంటుంది. పొద్దున ఏ పని పెట్టుకున్నా మధ్యాహ్నానికి జరపగలిగితే జరపండి. మిగిలిన ఇంటి పని పొద్దున రెండు గంటలు పూర్తిగా మీదే. మీరు గంట ముందు లేవాల్సి వస్తుంది, తప్పదు. నీరసం కూడా అంతే. పడుకుని లేస్తే పోయే అలసట కాదది, ఒంట్లో మంట రేగుతున్నందువల్ల వచ్చేది. "కాసేపు పడుకో, సర్దుకుంటుంది" అంటే ఆమెకు చిర్రెత్తడంలో వింత లేదు.

స్టెరాయిడ్ ఇచ్చారా ఈసారి? ఇచ్చి ఉంటే ఓ హెచ్చరిక. కొత్త మందు మొదలెట్టినా, పాతదాని మోతాదు పెంచినా ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా ఓర్చుకోవడానికి కొద్దికాలం స్టెరాయిడ్ ఇస్తుంటారు. అది రెండు మూడు రోజుల్లోనే అద్భుతంలా పనిచేస్తుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ కీళ్లవాతం రోగికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కదల్లేని మనిషి కొద్దిరోజుల్లో నడిచింది. 1950లో ఆయనకి, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎక్కువ రోజులు వాడితే ఎముకలు, చక్కెర, రక్తపోటు ఏమవుతాయో తర్వాత గాని అందరికీ తెలిసిరాలేదు. ఇంట్లోవాళ్లం మనమూ అదే పొరపాటు చేస్తాం. మొదటిసారి నాలుగో రోజుకి తను చకచకా నడుస్తుంటే జబ్బు పోయిందనుకుని ఆగిపోయిన పనులన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నాం. మోతాదు తగ్గిస్తూ వచ్చేసరికి మళ్లీ మంచానపడింది. బాగున్న ఆ రోజుల్లో ఇంటి పని తిరిగి అప్పగించకండి. ఇంకా, ఆ మాత్రతో నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, మనసు ఉరకలెత్తడం లేదా కుంగిపోవడం ఉంటాయి. ఆ రోజుల్లో అన్న మాటల్ని మనసులో పెట్టుకోకండి. కొన్ని వారాలు వాడాక దాన్ని సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం తను సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్‌ని తగ్గించేసి ఉంటుంది, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా దిగాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు బాగా పనికొస్తారు, కాస్త ఒడుపు కావాలి అంతే. ఇంట్లో మూడు వారాలు నరకం చూసిన మనిషి, డాక్టర్ ముందు కూర్చోగానే "పర్లేదండీ, బాగానే ఉంది" అంటుంది. అందరూ అంతే. పైగా అపాయింట్‌మెంట్ రోజుకి వాపు తగ్గి ఉంటుంది. అందుకే వాచిన రోజు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, ఆమెను అడిగి. పొద్దున ఎంతసేపు బిగుసుకుని ఉంటోంది, ఏ కీళ్లు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఏ మోతాదులు తప్పాయి... ఓ పది రోజులవి కాగితం మీద ఉంటే చాలు. మా ఇద్దరికీ ఓ ఒప్పందం ఉంది. తను చెప్పడం పూర్తయ్యాక "నువ్వేమైనా చెప్తావా" అని నా వైపు చూస్తుంది. అప్పుడే నోరు విప్పుతాను. ఒకసారి ఆగకుండా నేనే మొదలెట్టేశాను. డాక్టర్ కూడా తనని వదిలేసి నాతోనే మాట్లాడటం మొదలెట్టారు. తను గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఇంటికొచ్చాక ఏం జరిగిందో రాయక్కర్లేదనుకుంటాను.

కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఈ మందుల మీద ఉండగా జ్వరం రావడం, ఎందుకంటే ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మిగతావన్నీ ఎప్పట్లాగే ఉండి ఒకే ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి ఎర్రబడి వేడిగా కాలిపోవడం. దాంట్లో ఇన్ఫెక్షన్ చేరిందేమో అదే రోజు చూపించాలి. పొడిదగ్గుతో ఆయాసం, నోట్లో పుళ్లు, ఊరికే కమిలిన మచ్చలు. నొప్పి మాత్రలు వాడుతుంటే మలం నల్లగా రావడం. ఇవి కాక, "ఇలా బతకడం కంటే..." అనే మాట. దాన్ని విసుగులో అన్న మాటగా కొట్టిపారేయకండి. అదే రోజు కూర్చుని సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, డాక్టర్‌కి చెప్పండి. దీర్ఘకాలిక నొప్పితో పాటు డిప్రెషన్ రావడం మామూలే, దానికి విడిగా వైద్యం ఉంది.

పిల్లలకి నిజం చెప్పండి, రెండు వాక్యాల్లో. అమ్మ కీళ్లు వాచాయి, మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. దాస్తే వాళ్లు తమ వల్లే అనుకుంటారు. ఇక సలహాలిచ్చే బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ బాధ ఆమెకెందుకు. ఉద్యోగం మానేయడం లాంటి పెద్ద నిర్ణయాలు జబ్బు రేగి ఉన్నప్పుడు తీసుకోకండి. సెలవు పెట్టొచ్చు, పని గంటలు తగ్గించుకోవచ్చు, రాజీనామా మాత్రం వద్దు.

ఒక సంగతి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. నొప్పి ఉందని భయపడి ఆమెను తాకడమే మానేయకండి. నేను మూడు నెలలు అలా ఉన్నాను. తన కోసమేనని నా లెక్క, తనంటే నాకు విసుగు పుట్టిందని తన లెక్క. "ఎక్కడ నొప్పిలేదు?" అని అడిగితే సరిపోయేది. ఏదో ఒకచోట నొప్పి ఉండదు, ఆ భుజం మీద చెయ్యి వేయొచ్చు.

చివరగా మీ ఇంటికి వెళ్లబుద్ధి కాకపోవడం. దానికి సిగ్గుపడకండి, నాకూ అలాగే ఉండేది. ఇంటి ముందు బండి ఆపి పావుగంట అలా కూర్చునేవాణ్ణి. ఆమె మీద ప్రేమ తగ్గి కాదు, లోపలికి వెళ్తే మళ్లీ రేపు పొద్దున దాకా నాది అంటూ ఏదీ ఉండదని. రెండోసారి నేనూ జబ్బుపడ్డాక గానీ బుద్ధి రాలేదు. అప్పటి నుంచి గురువారం సాయంత్రం గంటన్నర నాది. ఒక్కణ్ణే నడుస్తాను. మొదట్లో దొంగతనంగా, ఆఫీసులో పని ఉందని చెప్పి వెళ్లేవాణ్ణి. తర్వాత నిజం చెప్పేశాను. తను బాధపడుతుందనుకున్నాను, కానీ "హమ్మయ్య, ఆ గంటన్నర నన్నెవరూ చూస్తూ ఉండరు" అంది!

మీరూ వారంలో ఓ సాయంత్రం ఎంచుకోండి. చెప్పి వెళ్లండి. వెళ్లేముందు ఆమె ఫోను, మాత్రలు చేతికందేలా ఉన్నాయో లేదో చూడండి. మంచినీళ్ల సీసా మూత మాత్రం తీసేయకండి, కాస్త వదులు చేసి పెట్టండి చాలు. తీసుకోవడం ఆమె చూసుకుంటారు.